మోస్ట్ వాంటెడ్ (2005) బ్లాక్‌లిస్ట్ మొత్తం కొట్టడం ఎలా: రెండు బండ్లు, ఒక పెయింట్ డబ్బా

ముందే ఒక క్లారిటీ ఇచ్చేస్తా, ఇది 2005లో ఈఏ బ్లాక్ బాక్స్ వాళ్ళు తీసిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ గురించి, అంటే రాక్‌పోర్ట్ సిటీ, విలన్ రేజర్, ఫోన్‌లో సాయం చేసే మియా, పోలీసు సార్జంట్ క్రాస్ ఉండే గేమ్. 2012లో క్రైటీరియన్ వాళ్ళు ఇదే పేరుతో ఇంకోటి తీశారు, అందులో బాడీ కిట్లు, స్పాయిలర్లు మార్చుకునే సీనే లేదు కాబట్టి ఈ గైడ్ దానికి పనికిరాదు. పాతదైతే ఇప్పటికీ చిన్న ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది, మన ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్ళు ఇప్పుడు సొంత సిస్టమ్‌లో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంటారు, మొదలుపెట్టి బ్లాక్‌లిస్ట్‌లో (ఒక్కొక్కరినీ ఓడించాల్సిన పదిహేను మంది రేసర్ల జాబితా) ఎర్ల్ దగ్గరో కాజే దగ్గరో ఆగిపోతుంటారు. రేసులన్నీ గెలిచేస్తారు, బౌంటీ (పోలీసుల ఛేజ్‌లో చేసే గొడవకి వచ్చే పాయింట్లు) మాత్రం నిండదు, ఛేజ్‌లోకి వెళ్తే దొరికిపోతారు, దొరికితే బండి పోతుందేమోనని భయం, ఇక అక్కడితో గేమ్ అన్‌ఇన్‌స్టాల్.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ గేమ్‌లో మీరు బండికి మార్చే ప్రతి రంగు, ప్రతి రిమ్ము, ప్రతి స్టిక్కరు పోలీసుల ఛేజ్ మీద నేరుగా ఎఫెక్ట్ చూపిస్తుంది. ఆ లింకు పట్టుకుంటే బ్లాక్‌లిస్ట్‌లో పదిహేను మందినీ వరసపెట్టి లేపేయొచ్చు.

లెక్క ఎలా ఉంటుందో ముందు చూడండి

బ్లాక్‌లిస్ట్‌లో ఎవడితో రేసు పడాలన్నా మూడు పూర్తి చేయాలి. కొన్ని రేసులు గెలవాలి, కొన్ని మైల్‌స్టోన్లు కొట్టాలి (ఇన్ని రోడ్ బ్లాకులు తప్పించుకో, ఇన్ని పోలీసు బండ్లు పాడుచెయ్, ఛేజ్ ఇంతసేపు లాగు లాంటివి), ఇంత బౌంటీ సంపాదించాలి. మైల్‌స్టోన్ అయినా బౌంటీ అయినా ఛేజ్ నుంచి తప్పించుకుంటేనే లెక్కలోకి వస్తాయి. పోలీసులకి దొరికారా, ఆ ఛేజ్‌లో చేసిందంతా గాలికి పోయినట్టే, పైగా ఫైన్ కట్టాలి, పైగా ఆ బండి మీద ఒక ఇంపౌండ్ స్ట్రైక్ పడుతుంది. మామూలుగా ఒక్కో బండికి మూడు స్ట్రైకులు, మూడూ నిండితే పోలీసులు బండి పట్టుకుపోతారు. ఫైన్ కట్టడానికి డబ్బుల్లేకపోయినా పట్టుకుపోతారు. చేతిలో ఉన్నది ఒక్క బండే అయ్యి, అదీ పోయి, విడిపించుకునే మార్కర్ (ప్రత్యర్థిని ఓడిస్తే వచ్చే బహుమతి, కింద చెప్తా) కూడా లేకపోతే కెరీర్ మొత్తం అక్కడితో సమాప్తం. అందుకే డబ్బులు ఎప్పుడూ సున్నాకి తేకండి, ఫైన్‌కి సరిపడా ఎంతో కొంత పక్కన పెట్టుకునే షాపుకి వెళ్ళండి.

మొదటి బండి

మొదట్లో షాపులో కనిపించేవి ఫియట్ పుంటో, గోల్ఫ్ జీటీఐ, కోబాల్ట్ ఎస్ఎస్, లెక్సస్ ఐఎస్300 లాంటివి. నా ఓటు కళ్ళు మూసుకుని కోబాల్ట్‌కే. చూడ్డానికి మామూలుగా ఉంటుంది గానీ పార్టులు వేసేకొద్దీ స్పీడ్ అందుకుంటుంది, తర్వాత కూడా ఛేజ్ బండిగా చాలాకాలం పనికొస్తుంది, అది ఎలాగో కింద చెప్తా. గోల్ఫ్ కొనాలనిపిస్తే కాస్త ఆగండి, మొదటి ప్రత్యర్థి సన్నీ బండే గోల్ఫ్, అదృష్టం బాగుంటే వాడి దగ్గరే ఫ్రీగా లాక్కోవచ్చు.

డబ్బులు దేనిమీద ముందు పెట్టాలంటే, చాలామంది ఇంజిన్ దగ్గరకి పరిగెడతారు. నేనైతే టైర్లు, సస్పెన్షన్ ముందు వేయమంటా. మొదట్లో ఆడే రోజ్‌వుడ్ ఏరియా అంతా మలుపులే, అక్కడ బండి గోడకి రాసుకోకుండా తిరిగితే చాలు, స్పీడ్ కొంచెం తక్కువున్నా గెలుస్తారు. తర్వాత నైట్రస్ (కాసేపు అదనపు స్పీడ్ ఇచ్చే గ్యాస్), ఆ తర్వాత ఇంజిన్, ట్రాన్స్‌మిషన్, టర్బో. బ్రేకులు ఆఖర్లో చూసుకోవచ్చు. బ్లాక్‌లిస్ట్‌లో ఒక్కొక్కడిని ఓడించేకొద్దీ షాపులో పై రకం పార్టులు ఓపెన్ అవుతుంటాయి కాబట్టి ఇప్పుడు దొరికేదాని మీద డబ్బంతా పోయకండి, ఇద్దర్ని దాటాక అంతకంటే మంచిది వస్తుంది.

కొత్త బండ్లు వరసగా కొనుక్కుంటూ పోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. బాగా పార్టులు వేసిన పాత బండి, ఏ పార్టూ మార్చని ఖరీదైన బండిని ఈజీగా దాటేస్తుంది. షోరూమ్‌లో మెరిసే బండి కొనేసి, దానికి పార్టులు వేయడానికి డబ్బుల్లేక, పాత బండి కూడా అమ్మేసుకుని ఇబ్బంది పడేకన్నా ఉన్నదాన్నే బలంగా చేసుకోవడం మేలు.

హీట్, పెయింట్, అసలు కిటుకు

హీట్ అంటే పోలీసులు ఎంత గట్టిగా వెంటపడతారో చెప్పే లెవెల్, అది మీకు కాదు, మీ బండికి ఉంటుంది. ఒక బండితో ఎంత గొడవ చేస్తే ఆ బండి హీట్ అంత పెరుగుతుంది, హీట్ పెరిగేకొద్దీ ఎదురొచ్చే పోలీసులు మారిపోతారు. హీట్ 1లో మామూలు పెట్రోలింగ్ బండ్లు, మీరు గేర్ మారిస్తే చాలు వెనకబడిపోతాయి. పైకి వెళ్ళేకొద్దీ రోడ్ బ్లాకులు, స్పైక్ స్ట్రిప్పులు (టైర్లు పంక్చర్ చేసే మేకుల పట్టీలు), ఎదురుగా వచ్చి గుద్దే రైనో ఎస్‌యూవీలు, హెలికాప్టర్, హీట్ 5 దగ్గర కొర్వెట్లలో వచ్చే టీమ్, వాళ్ళతో పాటు క్రాస్.

ఇప్పుడు కస్టమైజ్ షాపులోకి వెళ్ళి ఒక పని చేయండి. బాడీ పెయింట్ మీద పెట్టి ఏదో ఒక రంగు ఎంచుకుని స్క్రీన్ మీద హీట్ మీటర్ చూడండి, కిందికి దిగుతుంది. రిమ్ములు మార్చండి, ఇంకొంచెం దిగుతుంది. స్పాయిలర్, బానెట్, వినైల్ (బండి మీద వేసే డిజైన్), బాడీ కిట్, ఒక్కోటి మార్చేకొద్దీ తగ్గుతూ పోతుంది. పోలీసుల దగ్గరున్న వివరాల్లో ఎరుపు కోబాల్ట్ అని ఉంటే మీరు నల్ల కోబాల్ట్‌లో తిరుగుతున్నారన్నమాట, అంతే లాజిక్. కాబట్టి మొదటిరోజే బండికి అన్నీ ఒకేసారి వేసేయకండి, బాడీ కిట్ ఇప్పుడు, రిమ్ములు వచ్చే ఛేజ్ తర్వాత, వినైల్ ఆ తర్వాత, అలా మార్పులు దాచుకుంటూ వాడండి. చేతిలో డబ్బులు తక్కువున్నప్పుడు పెయింటు, వినైలే దిక్కు, వాటితోనే చాలా పని అయిపోతుంది.

బండి లుక్ మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఇది కష్టంగానే ఉంటుంది, ముచ్చటపడి డిజైన్ చేసిన బండి రంగు మార్చాలంటే మనసొప్పదు. అలాంటి బండిని మాత్రం ఛేజ్‌కి తీసుకెళ్ళకండి, రేసులకే ఉంచుకోండి. దానికోసమే రెండో బండి.

రెండు బండ్ల పద్ధతి

ఒక బండి రేసులకి, ఒక బండి పోలీసులకి. రేసు బండి హీట్ ఎప్పుడూ కిందే ఉంచండి, కొంచెం పెరిగినా వెంటనే పెయింటు మార్చేయండి, ఎందుకంటే రేసు మధ్యలో పోలీసులు తగులుకుంటే రేసు అయిపోయినా ఛేజ్ అయిపోదు, గెలిచిన ఆనందంలో ఉండగానే నాలుగు బండ్లు చుట్టుముడతాయి.

పోలీసుల బండికి సరిగ్గా ఉల్టా చేయండి, హీట్ కావాలనే పెంచి అలాగే వదిలేయండి, పెయింటు జోలికి పోవద్దు. బౌంటీ అనేది హీట్ ఎక్కువున్నప్పుడే త్వరగా వస్తుంది, ఒక్కో పోలీసు బండికి వచ్చేదే ఎక్కువ, రోడ్ బ్లాకులు, స్పైకులు తప్పించుకునే మైల్‌స్టోన్లకి కూడా అవి ఎదురు రావాలి కదా, హీట్ 1లో గంటసేపు తిరిగినా అవి రావు. దొరికిపోతే ఆ బండి మీదే స్ట్రైక్ పడుతుంది, మీ రేసు బండి సేఫ్. రెండు స్ట్రైకులు పడ్డాయనుకోండి, అప్పుడు దానికి పూర్తి మేకోవర్ చేసి హీట్ దించి కొన్నాళ్ళు రెస్ట్ ఇవ్వండి, ఇంకో బండి తీయండి. మీరు వేరే బండిలో తిరుగుతుంటే గ్యారేజ్‌లో ఉన్నదాని హీట్ కూడా మెల్లగా చల్లారుతుంది.

మొదట కొన్న కోబాల్ట్‌ని అమ్మొద్దనేది ఇందుకే. మీకు మంచి రేసు బండి దొరికాక ఇది పోలీసుల బండి అవుతుంది, పోయినా పెద్దగా బాధ ఉండదు.

ఛేజ్‌లో బతకడం

మొట్టమొదట సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మ్యూజిక్ తగ్గించండి. పాటలు బాగుంటాయి, నాకూ ఇష్టమే, కానీ ఛేజ్‌లో పోలీసు రేడియో వినబడాలి. రోడ్ బ్లాక్ పెడుతున్నారా, స్పైకులు వేస్తున్నారా, హెలికాప్టర్ వస్తోందా, బలగం ఇంకా పిలుస్తున్నారా, అన్నీ వాళ్ళు ముందే మాట్లాడుకుంటారు. అది వింటే మీకు రెండు మూడు సెకన్లు ముందుగా తెలుస్తుంది, రెండు వందల స్పీడ్‌లో ఆ మూడు సెకన్లు చాలా ఎక్కువ.

రోడ్ బ్లాక్ వచ్చిందనుకోండి. అడ్డంగా నిలబెట్టిన కారు మధ్యలో కొట్టకండి, ఆగిపోతారు. కారు వెనక భాగం, డిక్కీ వైపు చూసుకుని దాన్ని కొట్టండి, ముందు ఇంజిన్ ఉండే వైపు బరువెక్కువ, వెనక వైపు ఈజీగా తిరిగిపోతుంది. గుద్దే ముందు స్పీడ్‌బ్రేకర్ (రోడ్డు మీది గుట్ట కాదు, గేమ్‌లో ఉండే బటన్) నొక్కండి, టైమ్ నెమ్మదిస్తుంది, దాంతోపాటు మీ బండి బరువు కూడా పెరిగినట్టు పనిచేస్తుంది, కారు బొమ్మలా ఎగిరిపోతుంది. స్పైక్ స్ట్రిప్ ఉంటే మాత్రం ఈ హీరోయిజం వద్దు, స్పైకులు లేని వైపు కారుని కొట్టుకుంటూ పోండి, లేదంటే ఫుట్‌పాత్ మీదకి ఎక్కేయండి. టైర్లు పంక్చరైతే ఇక ఆ ఛేజ్ అయిపోయినట్టే.

రైనోలు ఎదురుగా వస్తుంటే ఆఖరి క్షణం వరకూ నేరుగా వెళ్ళి అప్పుడు పక్కకి తప్పుకోండి, అవి బరువైనవి, మీ అంత వేగంగా తిరగలేవు. ముందే తిరిగితే వాడూ తిరిగి గుద్దుతాడు.

మ్యాప్ మీద ఎర్ర త్రికోణాలు కనిపిస్తాయి, అవి పర్స్యూట్ బ్రేకర్లు. పెట్రోల్ బంక్ పైకప్పు, వాటర్ ట్యాంక్, కడుతున్న బిల్డింగ్ చుట్టూ ఉన్న స్కఫోల్డింగ్, షాపు మీద పెట్టిన పెద్ద డోనట్ బొమ్మ లాంటివి. వీటిని వాడడంలో ఒక టైమింగ్ ఉంది. పోలీసులు వంద మీటర్లు దూరంగా ఉన్నప్పుడు బంక్ కూల్చేస్తే మీకు ఒరిగేదేం లేదు, ఖాళీ రోడ్డు మీద రేకులు పడతాయి అంతే. కాబట్టి కొంచెం స్లో అవ్వండి, వాళ్ళని బంపర్‌కి తగిలేంత దగ్గరకి రానివ్వండి, నలుగురైదుగురు గుంపుగా వెనక ఉన్నారని అద్దంలో చూసుకుని అప్పుడు స్తంభాల మధ్యలోంచి దూరండి, ఒకేసారి గుంపంతా కింద పడిపోతుంది. బండ్లు పాడుచేసే మైల్‌స్టోన్లకి, ప్రభుత్వానికి నష్టం లెక్కపెట్టే మైల్‌స్టోన్లకి ఇంతకంటే చవకైన దారి లేదు. ఒకసారి కూల్చింది ఆ ఛేజ్‌లో మళ్ళీ లేవదు కాబట్టి రెండు మూడు మిగుల్చుకోండి, తప్పించుకునేటప్పుడు కావాలి.

పోలీసులు కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టు నాలుగువైపులా మూసేసి బస్టెడ్ మీటర్ (నిండితే దొరికిపోయినట్టే) నిండుతుంటే యాక్సిలరేటర్ ఒక్కటే నొక్కుకుంటూ కూర్చోకండి. రివర్స్ వేయండి, వెనకున్న వాడిని నెట్టండి, వెంటనే ముందుకి నైట్రస్ కొట్టండి, మళ్ళీ రివర్స్. బండి కదులుతున్నంతసేపు మీటర్ నిండదు.

మైల్‌స్టోన్ అయిపోయింది, ఇక బయటపడాలి. పోలీసుల కంటికి కనబడకుండా పోతే కూల్‌డౌన్ (ఇది నిండితే ఛేజ్ నుంచి తప్పించుకున్నట్టే) మొదలవుతుంది, అప్పుడు మ్యాప్ మీద నీలం గుర్తులు వస్తాయి, అవి దాక్కునే చోట్లు. అక్కడికెళ్ళి ఆగితే కూల్‌డౌన్ త్వరగా నిండుతుంది. దారిలో ఇంకో పెట్రోలింగ్ బండి కంట్లో పడితే మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి మెయిన్ రోడ్డు వదిలేసి సందుల్లోంచి వెళ్ళండి. హైవే మాత్రం స్పీడ్ బండి ఉంటేనే, మామూలు బండితో హైవే ఎక్కితే దాక్కోడానికి చోటుండదు, పైగా స్పైకులు వేయడానికి వాళ్ళకి అదే అనువు.

మార్కర్లు: ఇక్కడ తొందరపడొద్దు

ఎవడినైనా ఓడించగానే ఆరు మార్కర్లు చూపించి రెండు తీసుకోమంటారు. మూడు అప్‌గ్రేడ్‌లవి, వాటిని షాపులో వాడుకోవచ్చు, పర్ఫామెన్స్‌ది తీసుకుంటే జంక్‌మ్యాన్ పార్టులు వస్తాయి, ఇవి డబ్బులిచ్చినా దొరకని రకం. మిగతా మూడు ప్రశ్నార్థకాలు, వాటిలో ఒకటి వాడి బండి పింక్ స్లిప్ (తీస్తే ఆ బండి మీదే), మిగతావి క్యాష్, ఇంపౌండ్ స్ట్రైక్ పెంచేది, జైలు నుంచి బండి విడిపించేది లాంటివి.

నా పద్ధతి చెప్తా. వాడి బండి మీకు నిజంగా కావాలంటే రెండూ ప్రశ్నార్థకాల మీదే పెట్టండి, మూడింట్లో రెండు తీస్తున్నారు కాబట్టి అవకాశం మూడింట రెండొంతులు. రాకపోయినా వచ్చేది పనికొచ్చేదే. నంబర్ 13 విక్ దగ్గర సుప్రా, నంబర్ 10 బారన్ దగ్గర పోర్షే కేమన్, నంబర్ 6 మింగ్ దగ్గర గల్లార్డో, ఈ మూడిటికీ ఇలా ట్రై చేయడం వర్త్. పింక్ స్లిప్ బండి పార్టులు వేసి ఉన్నదే వస్తుంది, వెంటనే రేసుకి వెళ్ళొచ్చు, నచ్చకపోతే అమ్మి డబ్బు చేసుకోవచ్చు. బండి మీద ఆశ లేని చోట ఒకటి పర్ఫామెన్స్, ఒకటి ప్రశ్నార్థకం.

జంక్‌మ్యాన్ మార్కర్లు రాగానే చేతిలో ఉన్న బండికి వేసేయకండి, దాచండి. ఆఖరిదాకా మీతో ఉండే బండి ఏదో తేలాక దానికి ఇంజిన్, టర్బో, టైర్లు వరసగా వేస్తే ఆ బండి వేరే లెవెల్‌కి వెళ్ళిపోతుంది.

రేసుల గురించి కొంచెం

సర్క్యూట్, స్ప్రింట్, నాకౌట్‌లలో మీరు ఎంత ముందున్నా వెనకవాడు సాగదీసిన రబ్బరులా మళ్ళీ దగ్గరకొచ్చేస్తాడు, గేమ్ తీరే అంత, కంగారు పడకండి. నైట్రస్ మొత్తం మొదటి ల్యాప్‌లో తగలేయకుండా ఆఖరి స్ట్రెచ్‌కి ఉంచుకోండి, ఆఖరి మలుపు దగ్గర తప్పు చేయనివాడే గెలుస్తాడు. డ్రాగ్ వేరు, అందులో గేర్లు మీరే మార్చాలి, టాకోమీటర్ పచ్చలోకి రాగానే మార్చండి, ఇంకా తొక్కిపట్టి ఉంచితే ఇంజిన్ వేడెక్కి పేలిపోతుంది. రోడ్డు మీద దూరంగా చూస్తూ లేన్ మారండి, ఎదురుగా వచ్చే కారుని ఒక్కసారి గుద్దితే రేసు ఖతం.

పాజ్‌లో ఉండే పర్ఫామెన్స్ ట్యూనింగ్ స్లైడర్లు చాలామంది ముట్టుకోరు. నైట్రస్ స్లైడర్‌తో తక్కువసేపు గట్టిగా తోయాలా, ఎక్కువసేపు మెల్లగా తోయాలా అని మార్చుకోవచ్చు, టర్బో కింది ఆర్‌పీఎంలో పనిచేయాలా పైన పనిచేయాలా అని కూడా. సిటీలో మలుపుల రేసులకి కింది ఆర్‌పీఎం, హైవే రేసులకి పైది. బండి మలుపులో బయటికి జారిపోతుంటే హ్యాండ్లింగ్ ఒకటి రెండు గీతలు జరిపి అదే మలుపు మళ్ళీ తిరిగి చూడండి, ఒకేసారి చివరికంటా లాగితే ఏం మారిందో తెలీదు.

రేజర్, ఆ తర్వాత

ఎండింగ్ తెలుసుకోవడం ఇష్టంలేనివాళ్ళు ఇక్కడ ఆపేయండి.

నంబర్ 1 దగ్గర రేజర్ మీ పాత బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌లోనే వస్తాడు, మొదట్లో మీ నుంచి కొట్టేసింది. వాడితో రేసులు వరసగా ఉంటాయి కాబట్టి వెళ్ళేముందే రేసు బండికి దాచిన జంక్‌మ్యాన్ పార్టులన్నీ వేసేయండి, స్లైడర్లు సెట్ చేసుకోండి. గెలిచాక బండి మీ చేతికొస్తుంది, మియా అసలు ఎవరో తెలుస్తుంది, క్రాస్ తన బలగంతో దిగుతాడు. ఆ ఛేజ్ హీట్ 6, అంతకుముందు ఎక్కడా చూసి ఉండరు. ఇక్కడ పెయింట్ షాపూ లేదు, రెండో బండీ లేదు.

ఈ ఛేజ్‌లో బౌంటీ కోసం, పోలీసు బండ్ల కోసం ఆగకండి, టైమ్ గడవడమే కావాలి. ఊరి మధ్యలోకి పోకుండా పొడవాటి రోడ్లమీద స్పీడ్ తగ్గకుండా తిరుగుతూ ఉండండి, ఎం3 జీటీఆర్ స్పీడ్‌కి చాలామంది వెనకే ఉండిపోతారు. స్పీడ్‌బ్రేకర్‌ని రైనోలకి, స్పైకులకి మాత్రమే వాడండి. కాసేపటికి మియా ఫోన్ చేసి పాత బ్రిడ్జ్ గురించి చెప్తుంది, అప్పుడు అన్నీ వదిలేసి అటే వెళ్ళండి. బ్రిడ్జ్ మధ్యలో తెగి ఉంటుంది, దగ్గరకొచ్చేసరికి నైట్రస్ ట్యాంక్ నిండుగా ఉండేలా అంతకుముందు నుంచే పొదుపు చేయండి, బండిని రోడ్డు మధ్యకి తెచ్చి స్టీరింగ్ నేరుగా పెట్టి, అంచు రాకముందే నైట్రస్ నొక్కి దూకేయండి.